రెండో వైరు పెడితే నెట్ పోయింది!

కంప్యూటర్‌కు ఒక వైరు ఉంది. నెట్ చక్కగా వస్తోంది. ఇంకో పనికోసం రెండో వైరు తగిలించారు. నెట్ పోయింది. రెండోది పీకేశారు. నెట్ వచ్చింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పోయింది!

చిన్న ఊళ్లలో 'సర్వర్' అని పెద్ద పేరు పెట్టుకున్న కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లను ఏడిపించే తంటాల్లో ఇది మొదటి వరసలోది. వైరు తెగలేదు. కార్డు కాలలేదు. వైరస్ రాలేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే 'మా వైపు అంతా బాగానే ఉందండీ' అంటారు. పాపం, వాళ్లు నిజమే చెబుతున్నారు. చివరికి ఎవరో ఒకరు విండోస్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఆ సాయంత్రం బాగానే ఉంటుంది. మర్నాడు రెండో వైరు పెట్టగానే కథ మొదటికొస్తుంది.

చెడిపోయింది ఏదీ లేదు కాబట్టే ఈ తంటా దొరకదు. కంప్యూటర్ తనకు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. మనం చెప్పిందే తప్పు దారి.

దంతాలపల్లి సంగతి చూడండి. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద తొర్రూరు దాటాక వస్తుంది. ఇంకా ముందుకు పోతే మరిపెడ. సూర్యాపేట నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే కలుస్తుంది. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు ఇదీ మండల కేంద్రమైంది. ఆ సెంటర్లో నిలబడి 'హైదరాబాద్‌కు ఎటు పోవాలె' అని అడిగారనుకోండి. ఒకాయన సూర్యాపేట మీదుగా పొమ్మంటాడు. ఇంకొకాయన తొర్రూరు, పాలకుర్తి, జనగామ మీదుగా పొమ్మంటాడు. ఏ దారి పట్టినా హైదరాబాద్ చేరతారు. కానీ మూడో ఆయన ఎవరో 'ఏ ఊరికైనా సరే, దారి ఇటే' అని తన గల్లీ మొదట్లో బోర్డు పెట్టాడు. ఆ గల్లీ చివర గోడ ఉంది. కొత్తగా వచ్చినవాడు ఆ బోర్డు నమ్మితే ఏమవుతుంది? పోయి పోయి గోడ దగ్గర నిలబడతాడు.

మీ సర్వర్ చేస్తున్నదీ అదే. గోడ దగ్గర నిలబడి ఉంది.

ప్రతి కంప్యూటర్‌లోనూ దారుల పట్టిక ఒకటుంటుంది. దాన్ని రూటింగ్ టేబుల్ అంటారు. చూడాలంటే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'రూట్ ప్రింట్' అని, లినక్స్‌లో 'ఐపీ రూట్' అని కొట్టండి. చాలామంది ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడతారు కానీ ఒక్కసారైనా ఈ పట్టిక మొహం చూడరు. చూడ్డానికి అంకెల గందరగోళంలా ఉంటుంది గానీ, చెప్పే మాట చిన్నదే. ఫలానా నంబర్లకు పోవాలంటే ఫలానా వైరు, ఫలానా గుమ్మం. అంతే.

అందులో 0.0.0.0 అన్న వరస మీద వేలు పెట్టండి. ఈ కాలమ్ మొత్తం దాని గురించే. 'పట్టికలో పేరు లేని ఊరికి పోవాలంటే ఇటు' అని దానర్థం. దాని ఎదురుగా ఉండే నంబరే డీఫాల్ట్ గేట్‌వే. మన పల్లెల్లో ఊరి గవిని అంటారే, అలాంటిదన్నమాట. ఊళ్లో పని అయితే గవినితో పనిలేదు. ఊరు దాటాలంటే అక్కణ్నుంచే దాటాలి. ఇంటర్నెట్‌లో ఉన్నవన్నీ మన పట్టికలో పేరు లేని ఊళ్లే. అందుకని నెట్ మొత్తం ఈ ఒక్క వరస మీద ఆధారపడి నడుస్తుంది.

ఇప్పుడు మండల కేంద్రంలో ఓ కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉందనుకుందాం. లోపల ఇరవై కంప్యూటర్లు, వాటికి పాఠాలూ ఫైళ్లూ అందించే సర్వర్ ఒకటి. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదానికి ఫైబర్ కనెక్షన్ రూటర్ నుంచి వచ్చిన వైరు. రెండోదానికి లోపలి ఇరవై కంప్యూటర్లనూ కలిపే స్విచ్ నుంచి వచ్చిన వైరు. రెండో కార్డుకు ఐపీ నంబరు ఇచ్చేటప్పుడు ఆ పెట్టెలో 'డీఫాల్ట్ గేట్‌వే' అన్న గడి ఖాళీగా కనిపిస్తుంది. గడి ఖాళీగా ఉంటే మనకు చెయ్యి ఊరుకోదు కదా! ఏదో ఒక నంబరు నింపేస్తాం. అక్కడ పడింది ముడి. ఇప్పుడు పట్టికలో 0.0.0.0 వరసలు రెండు. ఊరికి రెండు గవినులు. ఒకటి నిజంగా బయటికి పోతుంది. ఇంకోటి తరగతి గదిలోకే పోతుంది.

విండోస్ ఇక్కడ మనల్ని హెచ్చరించకుండా ఉండదు. రెండో గేట్‌వే నింపి ఓకే నొక్కగానే ఒక సందేశం వస్తుంది. ఒకటి కంటే ఎక్కువ గేట్‌వేలు ఒకే నెట్‌వర్క్‌కు ప్రత్యామ్నాయంగా ఉండటం కోసమే, సంబంధం లేని రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లకు ఇస్తే సరిగ్గా పనిచేయవు, అయినా దాచమంటారా అని దాని సారాంశం. ఇంత చక్కగా రోగం పేరు ముందే చెప్పే సందేశాలు కంప్యూటర్లో చాలా తక్కువ. దాన్ని పూర్తిగా చదివేవాళ్లు ఇంకా తక్కువ. 'ఎస్' మీద నొక్కేసి పనిలో పడతాం.

మరి రెండిట్లో కంప్యూటర్ దేన్ని ఎంచుకుంటుంది? దానికో లెక్క ఉంది, పేరు మెట్రిక్. మెట్రిక్ ఎంత తక్కువైతే ఆ దారి అంత దగ్గర. మనం ఏమీ చెప్పకపోతే విండోస్ తనంతట తానే వైరు వేగాన్నిబట్టి మెట్రిక్ వేసుకుంటుంది. వేగం ఎక్కువ ఉన్న వైరుకు తక్కువ మెట్రిక్. తమాషా చూడండి. ఫైబర్ రూటర్ నుంచి వచ్చే వైరు పాతరకం పోర్టు వల్ల 100 మెగాబిట్ల దగ్గర ఆగితే, లోపలి స్విచ్ నుంచి వచ్చేది 1000 మెగాబిట్లది కావచ్చు. తరగతి గది వైరే వేగంగా ఉంది కాబట్టి, అమెరికాకు పోవాల్సిన ప్యాకెట్‌ను కూడా విండోస్ తరగతి గదిలోకే తోలుతుంది. గల్లీ సిమెంటు రోడ్డు హైవే కన్నా నున్నగా ఉందని గల్లీలోకి బస్సును మళ్లించినట్టు!

మందు చాలా చౌక. లోపలి వైరున్న కార్డులో గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి. ఐపీ నంబరు ఇవ్వండి, సబ్‌నెట్ మాస్క్ ఇవ్వండి, అక్కడితో ఆపండి. ఇరవై కంప్యూటర్లూ సర్వర్ ఉన్న వీధిలోవే. వాటిని చేరడానికి గవిని దాకా పోనక్కర్లేదు.

నంబర్లు వాటంతటవే వచ్చేలా పెట్టుకున్నవాళ్లకు ఇంకో రూపంలో ఇదే తంటా వస్తుంది. మూల పడిన పాత వైఫై రూటర్‌ను స్విచ్‌లాగా వాడేస్తుంటారు. అది ఊరికే ఉండదు. అడిగినవాళ్లందరికీ నంబర్లు పంచుతూ, 'గేట్‌వేను నేనే' అని కూడా చెప్పుకొంటుంది. దానికి నంబర్లు పంచే పనిని, అంటే డీహెచ్‌సీపీని ఆపేయాలి. లేదా సర్వర్‌లో ఆ కార్డుకు నంబరు మనమే చేత్తో ఇవ్వాలి. సర్వర్‌కు చేత్తో ఇవ్వడమే మంచి అలవాటు.

ఇక్కడిదాకా సులువు. అసలు ముడి రెండో వైరు అవతల ఒక వీధి కాకుండా పెద్ద ఊరే ఉన్నప్పుడు వస్తుంది. ఒక సంస్థకు దంతాలపల్లిలో శాఖ, వరంగల్‌లో పెద్దాఫీసు ఉన్నాయనుకుందాం. పెద్దాఫీసు దాకా వాళ్లదే సొంత లైను. శాఖలోని సర్వర్‌కు ఆ లైను ఒక వైరు, మామూలు ఇంటర్నెట్ ఇంకో వైరు. ఇప్పుడు రెండో కార్డులో గేట్‌వే తీసేస్తే నెట్ వస్తుంది, పెద్దాఫీసు పోతుంది. నింపితే పెద్దాఫీసు వస్తుంది, నెట్ పోతుంది. చాలాచోట్ల దీనికి కనిపెట్టిన ఉపాయమేంటంటే, పొద్దున ఒక వైరు, మధ్యాహ్నం ఒక వైరు! లెక్కలు పంపేటప్పుడు ఇది పెట్టు, మెయిల్ చూసేటప్పుడు అది పెట్టు అని ఆఫీసులో కుర్రాడికి డ్యూటీ. ఈ సేవ చేసి చేసి వైరు మూతి క్లిప్పు విరుగుతుంది తప్ప సమస్య తీరదు.

చేయాల్సింది ఇది. గేట్‌వే గడిని ఖాళీగానే వదిలి, పట్టికలో ఒక్క వరస అదనంగా రాయాలి. పెద్దాఫీసు కంప్యూటర్లన్నీ 10.20తో మొదలయ్యే నంబర్లవి, మన వైపు ఆ లైను రూటర్ 10.20.5.1 అనుకుందాం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'రూట్ -పీ యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 10.20.5.1' అని కొట్టాలి (ఇంగ్లిషు అక్షరాల్లోనే లెండి). 10.20తో మొదలయ్యే ఊళ్లకు ఈ దారి, మిగతా లోకానికంతా పాత గవినే అని దీనర్థం. మధ్యలో ఉన్న 'పీ'ని మరిచిపోవద్దు. అది లేకపోతే ఈ వరస కంప్యూటర్ ఆపేదాకానే ఉంటుంది. మన దగ్గర కరెంటు పోయి రావడం తెలిసిందే. మర్నాడు 'నిన్న బాగుచేశాను కదా' అని తల పట్టుకోవాలి. లినక్స్‌లోనూ అంతే. కమాండ్‌తో పెట్టిన దారి మళ్లీ ఆన్ చేసేసరికి ఉండదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో రాసిపెట్టాలి. కనెక్షన్ సెట్టింగుల్లో 'ఈ కనెక్షన్‌ను దీని నెట్‌వర్క్‌లో ఉన్నవాటికే వాడు' అనే గడి కూడా ఉంటుంది. దానికి టిక్కు పెడితే ఆ వైరు మీద 0.0.0.0 రాదు.

ఇదే సంగతి చాలామందికి 2020లో కరోనా పుణ్యమాని అనుభవంలోకి వచ్చింది. హైదరాబాద్ నుంచి లాప్‌టాప్‌లతో ఊళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆఫీసు వీపీఎన్ కలపగానే ఇంట్లో ప్రింటర్ పలకదు, యూట్యూబ్ తెరుచుకోదు. వీపీఎన్ అంటే కంటికి కనబడని రెండో వైరే. అది కలవగానే 'గవినిని నేనే' అని 0.0.0.0ని తన పేర రాయించుకుంటుంది. విండోస్ వీపీఎన్ సెట్టింగుల్లో 'అవతలి నెట్‌వర్క్ గేట్‌వేను వాడు' అన్న గడికి టిక్కు తీసేస్తే ఆఫీసు పని అటు, మిగతాది ఇటు పోతాయి. అయితే చాలా కంపెనీలు కావాలనే అలా పెడతాయి. మీ రాకపోకలన్నీ తమ కాపలా ముందునుంచి పోవాలని వాళ్ల ఉద్దేశం. వాళ్లను అడక్కుండా ఆ టిక్కు జోలికి పోకపోవడం మంచిది.

పట్టికలో 0.0.0.0 ఉండగానే 10.20 వరస ఎలా గెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. దీనికో నియమం ఉంది. ఎంత కచ్చితంగా చెబితే అంత విలువ. 'ఏ ఊరికైనా ఇటు' అన్న బోర్డు, 'తొర్రూరుకు అటు' అన్న బోర్డు పక్కపక్కనే ఉంటే తొర్రూరు పోయేవాడు రెండోదే నమ్ముతాడు. ఇక్కడ మెట్రిక్ లెక్కలోకి రాదు. ఒకే పేరుతో రెండు బోర్డులుంటేనే దాని అవసరం.

ఈ చిన్న నియమమే ఒకసారి ప్రపంచం మొత్తం మీద యూట్యూబ్‌ను పడుకోబెట్టింది. 2008 ఫిబ్రవరి 24. పాకిస్థాన్‌లో యూట్యూబ్‌ను ఆపెయ్యమని ప్రభుత్వ ఆదేశం. పాకిస్థాన్ టెలికాం ఏం చేసిందంటే, యూట్యూబ్ నంబర్లకు దారి తన దగ్గరే ఉందని, వచ్చినవాటిని మాయం చేసేలా ఒక వరస రాసింది. అది దేశం లోపలే ఉండాల్సిన బోర్డు. పొరపాటున బయటికి, హాంకాంగ్‌లో ఉన్న పై కంపెనీకి పొక్కింది. అక్కణ్నుంచి లోకమంతా. యూట్యూబ్ తన 1024 నంబర్లను కలిపి ఒకే బోర్డుగా పెట్టుకుంది. పాకిస్థాన్ బోర్డు వాటిలో 256 నంబర్లనే పేరుపెట్టి పిలిచింది. ఇంకేముంది, కచ్చితంగా చెప్పినవాడిదే మాట! ఎక్కడెక్కడివాళ్లో యూట్యూబ్ కోసం నొక్కితే ప్యాకెట్లు పోయి పాకిస్థాన్‌లో మాయమయ్యాయి. సర్దుబాటు కావడానికి సుమారు రెండు గంటలు పట్టింది. విరుగుడుగా యూట్యూబ్ కూడా అవే 256 నంబర్లకు, ఆపైన వాటిని రెండు సగాలు చేసి ఇంకా కచ్చితమైన బోర్డులు పెట్టుకోవాల్సి వచ్చింది. మీ సర్వర్ పట్టికలో నడిచే న్యాయమే సముద్రాలు దాటినా నడుస్తుంది.

దారి సరిగ్గా రాసినా పనిచేయని సందర్భం ఒకటుంది. రెండు వైర్ల అవతలా ఒకే నంబర్లు ఉండటం. 1996లో ఇంటర్నెట్ నిబంధనలు రాసే పెద్దలు లోపలి వాడకానికని మూడు వరసల నంబర్లు విడిగా ఉంచారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి, 192.168తో మొదలయ్యేవి. ఎవరైనా, ఎక్కడైనా, ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు. ఇక మన మార్కెట్లో దొరికే రూటర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే 192.168.1.1, లేదా 192.168.0.1 పెట్టుకుని వస్తాయి. ఫైబర్ రూటర్‌దీ 192.168.1, లోపలి నెట్‌వర్క్‌దీ 192.168.1 అయితే సర్వర్ ఏం చేస్తుంది? వెంకటాపురం పేరుతో మన దగ్గర ఎన్ని ఊళ్లు లేవు! 'వెంకటాపురం పోవాలె' అంటే కండక్టర్ 'ఏ వెంకటాపురం?' అని అడుగుతాడు. కంప్యూటర్ అడగదు. తనకు తోచిన బస్సు ఎక్కించేస్తుంది. ఒక వైపు నంబర్లు మార్చడం ఒక్కటే మార్గం. లోపలి వైపును 192.168.50 అనో, మరేదో ఎవరూ వాడని అంకె పెట్టుకోండి. ఇరవై కంప్యూటర్లలో మార్చడం ఒక పూట పని. ఆదివారం పెట్టుకోండి.

ఇంకో సంగతి. దారి ఉంటుంది, అయినా సైట్లు తెరుచుకోవు. అప్పుడు 'పింగ్ 8.8.8.8' అని కొట్టండి. అది గూగుల్ నడిపే సర్వర్ నంబరు. జవాబు వచ్చిందంటే దారి బాగానే ఉంది, పేర్లు తెలియడం లేదు. సైట్ పేరు చెబితే నంబరు చెప్పే డీఎన్ఎస్ అనే డైరెక్టరీ ఒకటుంది. రెండో కార్డులో పెద్దాఫీసు డీఎన్ఎస్ నంబరు రాసి ఉంటే, మీ కంప్యూటర్ పోయి బయటి ఊళ్ల చిరునామాలు కూడా దాన్నే అడగొచ్చు. దానికి ఇంట్లోవాళ్ల పేర్లే తెలుసు. జవాబే రాకపోతే దారి దగ్గరే సమస్య ఉందన్నమాట. పట్టిక దగ్గరికే వెళ్లండి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం రోజు మిగులుతుంది.

ఇప్పుడు రెండు వైర్లూ ఇంటర్నెట్‌వే అనుకుందాం. దరఖాస్తులు నింపిపెట్టే కేంద్రాలకు ఇది ఇప్పుడు విలాసం కాదు. డిగ్రీ సీట్లు 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్లోనే. ఎప్‌సెట్ దరఖాస్తు ఆన్‌లైన్లోనే. ఉద్యోగ ప్రకటనల దరఖాస్తులూ అంతే. చివరి తేదీ సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు సర్టిఫికెట్ల కవర్లు పట్టుకుని బల్లమీద కూర్చుని ఉంటారు. ఆ సమయంలో నెట్ పోతే వాళ్లకు పోయేది ఒక సంవత్సరం. అందుకే తెలివైనవాళ్లు ఫైబర్‌తోపాటు ఇంకో కనెక్షన్ ఉంచుకుంటారు. ఏమీ లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ పంచుకుంటారు. అదీ రెండో వైరే.

ఇక్కడ రెండు 0.0.0.0 వరసలు ఉండటం తప్పు కాదు. రెండూ నిజంగానే బయటికి పోతాయి కదా. అయితే ఏది ముందు, ఏది వెనుక అన్నది మనమే చెప్పాలి. కార్డు ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి, అడ్వాన్స్‌డ్ నొక్కి, 'ఆటోమేటిక్ మెట్రిక్' టిక్కు తీసి, ఫైబర్‌కు 10, ఫోన్‌కు 50 రాయండి. ఐపీవీ6కు వేరే గడి ఉంది. అక్కడా రాయండి. మొబైల్ కనెక్షన్లు ఐపీవీ6 బాగా వాడతాయి కాబట్టి దాన్ని వదిలేస్తే దొడ్డిదారిన ఫోన్ డేటా అంతా కరిగిపోతుంది. అన్నట్టు, రెండు కనెక్షన్లు పెడితే వేగం రెట్టింపు అవుతుందని కొందరి ఆశ. ఒక్క ఫైలు దిగేటప్పుడు మామూలుగా ఒక్క దారినే దిగుతుంది. పైగా మధ్యలో దారి మారితే మీ చిరునామా మారినట్టే. కొన్ని బ్యాంకు సైట్లు అనుమానంతో బయటికి నెట్టేస్తాయి.

వైరు ఊడితే విండోస్‌కు తెలుస్తుంది, రెండో దారికి మళ్లుతుంది. కానీ పల్లెల్లో వైరు మీ గదిలో ఊడదు. మూడు కిలోమీటర్ల అవతల జేసీబీ తవ్వినప్పుడు తెగుతుంది. మీ రూటర్‌కూ సర్వర్‌కూ మధ్య వైరు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. పక్కూరి వంతెన కూలిన సంగతి బస్టాండ్‌లో బోర్డుకు తెలియనట్టే, సర్వర్‌కూ తెలియదు. ప్యాకెట్లను అటే పంపుతూ ఉంటుంది. ఇలాంటిచోట రెండు కనెక్షన్లు పట్టే రూటర్ కొనడమే మేలు. అది కొన్ని క్షణాలకోసారి దూరంగా ఉన్న ఏదో ఒక నంబరును పలకరించి చూస్తుంది. జవాబు రాకపోతే తనంతట తానే రెండో దారికి మారుతుంది. సర్వర్‌కు ఒక్కటే వైరు, ఒక్కటే గేట్‌వే. ఈ గొడవంతా రూటర్ పడుతుంది.

రెండో దారి నిజంగా రెండోదేనా అన్నది మాత్రం రూటర్ చెప్పలేదు, మీరే వీధిలోకి వచ్చి చూసుకోవాలి. 2024 సెప్టెంబరు 1న ఆ వర్షాలకు మరిపెడ మండలంలో పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు పొంగి వరంగల్-ఖమ్మం రోడ్డు ఆగిపోయింది. సరే, సూర్యాపేట పోయి అక్కణ్నుంచి ఖమ్మం పోదామంటే అదే రోజు నాయకన్‌గూడెం దగ్గర పాలేరు పొంగి ఆ రోడ్డూ ఆగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు కూడా ఆగాయి. మ్యాపులో మూడు దారులు. వాన ఒక్కటే. ఫైబర్ ఇచ్చినవాడూ కేబుల్ ఇచ్చినవాడూ ఒకే కరెంటు స్తంభాల మీద తీగలు లాగి ఉంటే, ఆ స్తంభం పడినరోజు మీకు కనెక్షన్లు రెండున్నా ఒకటే. ఒకటి తీగ మీద వస్తే ఇంకోటి టవర్ మీదుగా రావాలి. ఫైబర్ పెట్టెకు, రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టడం కూడా ఇందులో భాగమే. సర్వర్‌కు యూపీఎస్ పెట్టి, అరచేతంత ఫైబర్ పెట్టెను గోడ ప్లగ్గులో వదిలేసిన కేంద్రాలు కోకొల్లలు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరు గంటలపాటు ప్రపంచమంతా పడిపోయింది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడా. నిర్వహణ కోసం ఇచ్చిన ఒక ఆదేశం వల్ల కంపెనీ తన దారుల బోర్డులన్నీ తానే పీకేసుకుంది. ఆపదలో వాడుకుందామని విడిగా పెట్టుకున్న రెండో నెట్‌వర్క్ కూడా ఆ సమయానికి పనిచేయలేదు. చివరికి ఇంజినీర్లు డేటా సెంటర్లకు మనుషులుగా పోవాల్సి వచ్చింది.

మీ సర్వర్‌ను బయటివాళ్లు చూసే అవసరం ఉంటే ఇంకో చిక్కు కలుస్తుంది. రెండో కనెక్షన్ మీదుగా ఎవరో తలుపు తట్టారు. సర్వర్ జవాబు రాసింది. పంపేటప్పుడు పట్టిక చూసింది, మెట్రిక్ తక్కువని మొదటి కనెక్షన్ మీద పంపింది. ఆ కంపెనీవాడు 'ఈ కవరు మీద ఉన్న చిరునామా మాది కాదు' అని పారేస్తాడు. దొంగ చిరునామాలతో దాడులు జరుగుతాయి కాబట్టి అలా పారేయాలని 2000 నుంచే నియమం రాసి ఉంది. లినక్స్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. రెండు వేర్వేరు పట్టికలు పెట్టి, 'ఏ చిరునామాతో వచ్చిందో ఆ దారినే పంపు' అని 'ఐపీ రూల్'తో చెప్పొచ్చు. అయితే ఒక మాట. ఫోన్ కనెక్షన్లలోనూ, చాలా ఇంటి కనెక్షన్లలోనూ మీకంటూ సొంత బహిరంగ చిరునామా ఇవ్వరు. వందలమందికి కలిపి ఒకటే. ఆ కనెక్షన్ మీద బయటివాళ్లు మీ సర్వర్‌ను చేరలేరు. ముందు అది కనుక్కుని తర్వాత ఈ తిప్పలు పడండి.

రెండు కార్డులనూ కలిపి ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే విండోస్‌లో 'బ్రిడ్జ్ కనెక్షన్స్' అని కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు. రెండు వైర్లను వేరుగా ఉంచాలనే కదా మన తాపత్రయం? అది నొక్కితే రెండు నెట్‌వర్క్‌ల మధ్య గోడ కూలిపోతుంది. పిల్లాడి పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్‌కు పెద్దాఫీసు దాకా తలుపులు తెరిచినట్టే. లోపలి కంప్యూటర్లకు కూడా నెట్ ఇవ్వాలనుకుంటే విండోస్‌లోనే ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఉంది. అది ఆన్ చేయగానే లోపలి కార్డు నంబరును విండోస్ తానే 192.168.137.1గా మార్చేస్తుంది. విండోస్ 7 నుంచి ఇదే తీరు. ఇరవై కంప్యూటర్లలో సర్వర్ పాత నంబరు రాసిపెట్టుకున్నవాళ్లు ఇది తెలియక కంగారు పడతారు. ఇంత దూరం వచ్చాక నా ఓటు మళ్లీ రూటర్‌కే. పంచే పనిని దానికే వదిలేయండి.

మార్చడానికి ముందు 'రూట్ ప్రింట్' ఇచ్చిందంతా కాగితం మీద ముద్రించి, తేదీ వేసి సర్వర్ పక్కన అతికించండి. మార్చాక 'ట్రేసర్ట్ 8.8.8.8' అని కొట్టండి. మొదటి వరసలో మీ ఫైబర్ రూటర్ నంబరు కనబడితే పని అయినట్టే. పెద్దాఫీసు రూటర్ నంబరు కనబడితే 0.0.0.0 ఇంకా అటువైపే ఉంది. ఆ కార్డులో గేట్‌వే గడి మరోసారి తెరిచి చూడండి.